నదిలో తిరిగే పడవను ఉప్పునీటిలోకి దించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

గౌతమి_గట్టు (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా కుటుంబానికి 18 అడుగుల ఫైబర్ పడవ, దానికి 40 హార్స్‌పవర్ నాలుగు స్ట్రోకుల ఔట్‌బోర్డు ఇంజను (పడవ వెనుక బయట బిగించేది) ఉన్నాయి. కొన్ననాటి నుంచి ఈ పడవ ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, అంటే పూర్తిగా మంచినీటిలోనే తిరిగింది. ఈ వేసవిలో దానిని ట్రాలీ మీద యానాం తీసుకెళ్లి, గౌతమి పాయలో భైరవపాలెం వైపు, గాలి అనుకూలిస్తే కోరంగి మడ అడవుల అంచున కాకినాడ అఖాతం వైపు తిప్పాలని అనుకుంటున్నాము. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి వెళ్లే ఉద్దేశం లేదు.

నా సందేహాలు ఇవి. ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే ఉప్పునీటిలో తిరిగే పడవకు నిజంగా అంత హాని జరుగుతుందా? మంచినీటిలో వాడతానని చెప్పినందుకు ఇంజను అమ్మినవారు మెగ్నీషియం ఆనోడు ముక్కలు (ఇంజనుకు బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు) బిగించి ఇచ్చారు, వాటిని మార్చాలా? రేవులో కుళాయి ఉండదు కాబట్టి, తిరిగి వచ్చాక ఇంజను లోపలి భాగాన్ని కడగడం ఎలా? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరని మనవి.

కాకినాడ_వర్క్‌షాపు

గౌతమి_గట్టు గారికి నమస్కారం. ఔట్‌బోర్డు ఇంజన్ల మరమ్మతే మా వృత్తి కాబట్టి ఇంజనుతోనే మొదలుపెడతాను.

ఉప్పునీటిలో నడుస్తున్నంతసేపు ఇంజనుకు జరిగే హాని చాలా తక్కువ. అసలు హాని పడవ ఒడ్డుకు చేరిన తర్వాత మొదలవుతుంది. ఇంజను ఆపిన వెంటనే దాని నీటి దారుల్లో మిగిలిన సముద్రపు నీరు ఆ వేడికి ఆవిరై, ఉప్పు అక్కడే గట్టిపడి నిలిచిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఒకసారి మిగిలిన పొర పలుచగానే ఉన్నా, కడగకుండా వదిలేస్తూ పోతే అది మందమై, సిలిండరు చుట్టూ ఉన్న సన్నని దారులను, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే పరికరం) కూర్చునే చోటును పూడ్చేస్తుంది. తరువాత ఇంజను వేడెక్కి హారన్ మోగినప్పుడు యజమాని ఇంపెల్లర్ (నీటిని పైకి తోడే రబ్బరు రెక్కల చక్రం) పాడైందని మా దగ్గరకు తెస్తాడు. విప్పి చూస్తే ఇంపెల్లర్ బాగానే ఉంటుంది, దారులు మూసుకుపోయి ఉంటాయి.

అందువల్ల ఏడాదికి కొద్దిసార్లే కదా అని ఊరుకోవడానికి వీలులేదు. నా అనుభవంలో రోజూ ఉప్పునీటిలో నడిచే ఇంజను కంటే, ఒక్కసారి నడిచి, కడగకుండా షెడ్డులో మూడు నెలలు ఎండిన ఇంజనే ఎక్కువ దెబ్బతింటుంది. రోజూ నడిచే ఇంజనులో ఉప్పు ఆరి గట్టిపడేలోపే మళ్లీ నీరు పారుతుంది.

కడిగే పద్ధతి చెబుతాను. ఇంజను కింది కాలు (నీటిలో మునిగే భాగం) మీద నీరు పీల్చే రంధ్రాలపై బిగించే రబ్బరు కప్పులు దొరుకుతాయి. వాటికి గొట్టం తగిలించి, ముందుగా నీరు వదిలి, ఆ తరువాతనే ఇంజను స్టార్టు చేయాలి. నీరు లేకుండా కొద్ది క్షణాలు తిరిగినా ఇంపెల్లర్ రబ్బరు కాలిపోతుంది. గేరు వేయకుండా, ఐడిల్ వేగంలోనే 10 నుంచి 15 నిమిషాలు నడపాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది కాబట్టి, రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే సిలిండరు చుట్టూ ఉన్న దారులకు మంచినీరు సరిగా చేరదు. అంతసేపు నడపమనేది ఇందుకే. పక్క నుంచి చిమ్మే ధార సన్నబడకుండా వస్తోందో లేదో గమనిస్తూ ఉండాలి. చాలా నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు గొట్టం నేరుగా తగిలించే ఫ్లష్ పోర్టు విడిగా ఉంటుంది. దానితో కడిగేటప్పుడు కొన్ని కంపెనీలు ఇంజను ఆపి ఉంచాలంటాయి. కాబట్టి ఇంజనుతో వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి. చివరగా ఇంజనును నిలువుగా దించి, లోపలి నీరంతా కారిపోనివ్వాలి.

కుళాయి లేని చోట డ్రమ్ముతో ఎలా కడగాలో విడిగా రాస్తాను, అది కొంచెం పొడవైన విషయం.

చెరువు_రైతు (ఐ. పోలవరం)

పడవల గురించి నాకు పెద్దగా తెలియదు, కానీ ఆ ప్రాంతపు నీటి గురించి తెలుసు. మాది వనామీ రొయ్యల సాగు. ఏ రోజు ఏ కాలువలో ఎంత ఉప్పు ఉందో చూసుకోకుండా మా పని జరగదు.

గౌతమి పాయలో నీరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. వరదల కాలంలో యానాం దగ్గర కూడా నది నీరే పారుతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు బ్యారేజీ నుంచి దిగువకు వచ్చే నీరు బాగా తగ్గిపోతుంది కాబట్టి, పోటు సమయంలో ఉప్పునీరు యానాం దాటి చాలా దూరం పైకి ఎక్కుతుంది. మీరు వెళ్లాలనుకుంటున్నది సరిగ్గా ఆ కాలంలోనే. ఇంకొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఉప్పునీరు బరువైనది కాబట్టి అది అడుగున, మంచినీరు పైన సాగుతూ ఉంటాయి. పైనీటిని దోసిట్లోకి తీసుకుని రుచి చూసి చప్పగా ఉందనుకుంటే, మీ ఇంజను అరమీటరు లోతు నుంచి పీల్చే నీరు అంతకంటే ఉప్పగా ఉండవచ్చు. ఆ ప్రాంతంలో ఏ రొయ్యల రైతు దగ్గరైనా రిఫ్రాక్టోమీటరు (నీటిలో ఉప్పును కొలిచే చిన్న పరికరం) ఉంటుంది. సీసాను మూతతో లోతుకు దించి, అక్కడ మూత తీసి నింపిన నీటిని ఒక చుక్క వేసి చూస్తే ఉప్పు ఎన్ని పిపిటి (వెయ్యి భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో వెంటనే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, పడవ కడగడానికి మీరు వాడే నీరు. మా వైపు తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీరు చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది. దానితో కడిగి ఇంజను శుభ్రమైందని అనుకుంటే ఉప్పును ఉప్పుతో కడిగినట్లే. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం టిడిఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. కడగడానికి కూడా ఈ అంకెలనే కొలతగా పెట్టుకోండి. జేబులో పట్టే టిడిఎస్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది.

గౌతమి_గట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బోరు నీటి సంగతి నాకు తట్టనే లేదు. మేము దిగబోయేది యానాంలో మా మేనమామ గారి ఇంట్లో. ఆయనకు ఫోను చేసి అడిగితే, పెరట్లో బోరు నీటితో బట్టలు ఉతికితే సబ్బు నురగ రాదని, తాగడానికి, వంటకు మాత్రం కుళాయి నీరు పట్టుకుంటామని చెప్పారు. కాబట్టి అక్కడ కడగడానికి బోరు పనికిరాదని అనుకుంటున్నాను. పంట కాలువ నీటిని వాడవచ్చా?

కాకినాడ_వర్క్‌షాపు

కాలువ నీటిలో ఉప్పు ఉండదు కానీ మట్టి ఉంటుంది. ఆ ఒండ్రు నీటిని నేరుగా ఇంజనులోకి వదిలితే ఇంపెల్లర్ అరుగుతుంది. డ్రమ్ముల్లో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేరిన నీటిని మాత్రమే వాడండి. పడవ పైభాగం, ట్రాలీ కడగడానికైతే కాలువ నీరు అలాగే వాడవచ్చు.

ఇప్పుడు డ్రమ్ము పద్ధతి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పైభాగం కోసి, ఇంజను కాలు అందులోకి దిగేలా పెట్టండి. నీటి మట్టం పీల్చే రంధ్రాల కంటే బాగా పైన, ప్రొపెల్లరు మీద ఉండే రెక్క పలక మునిగే వరకు ఉండాలి. భద్రత కోసం ప్రొపెల్లరు తీసేయండి, గేరు న్యూట్రల్‌లోనే ఉంచండి. ఇందులో ఒక చిక్కు ఉంది: ఇంజను విడిచిన నీరే మళ్లీ డ్రమ్ములోకి చేరి, మళ్లీ ఇంజనులోకి వెళుతుంది. నీటి దారుల్లో రెండు లీటర్ల సముద్రపు నీరు మిగిలిందనుకుంటే, అందులో 70 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది 200 లీటర్లలో కలిస్తే లీటరుకు 350 మిల్లీగ్రాములు పెరుగుతుంది. అందుకే మొదటి డ్రమ్ము నీరు పారబోసి, కొత్త నీటితో రెండోసారి కూడా నడపాలి. రెండోసారి తరువాత మిగిలేది లెక్కలోకి రాదు. ఈ రెండు విడతల మధ్య ఇంజను పూర్తిగా చల్లారనివ్వకండి.

మరో మార్గం కూడా ఉంది. యానాం నుంచి ఇంటికి వచ్చిన రోజునే పడవను రాజమహేంద్రవరం దగ్గర గోదావరిలోకి దించి అరగంట నడిపితే, ఇంజను లోపలి భాగానికి అంతకంటే మంచి కడుగు ఉండదు. అయితే మరుసటి రోజుకో, వచ్చే ఆదివారానికో వాయిదా వేస్తే ఆ ప్రయోజనం చాలా వరకు పోతుంది. ఇంజను బయటి భాగాలను, దానిని పడవకు బిగించే బ్రాకెట్టును మాత్రం చేత్తో కడగవలసిందే.

విశాఖ_లోహాలు

ఆనోడుల ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను వృత్తిరీత్యా మెటలర్జిస్టును.

రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, విద్యుత్తు పారే ద్రవంలో మునిగి ఉంటే, వాటిలో త్వరగా ఎలక్ట్రాన్లను వదిలే లోహం కరుగుతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. మీ ఇంజను కాలు అల్యూమినియం. ప్రొపెల్లరు షాఫ్టు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. ఆనోడు లేకపోతే కరిగేది అల్యూమినియమే. నది నీటిలో ఇదంతా చాలా నెమ్మదిగా జరుగుతుంది. సముద్రపు నీరు నది నీటి కంటే సుమారు వంద రెట్లు ఎక్కువగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి అక్కడ అదే చర్య వేగం అందుకుంటుంది. ఇంజనుకు బదులు కరిగిపోవడానికే ఆనోడు ముక్కను పెడతారు.

వెండి–సిల్వర్ క్లోరైడు ఎలక్ట్రోడుతో పోల్చి కొలిచినప్పుడు సముద్రపు నీటిలో మెగ్నీషియం ఆనోడు సుమారు మైనస్ 1.5 వోల్టులు, అల్యూమినియం మిశ్రలోహపు ఆనోడు మైనస్ 1.1, జింకు మైనస్ 1.03 చూపుతాయి, పడవల్లో వాడే మామూలు అల్యూమినియం మైనస్ 0.75 దగ్గర ఉంటుంది. మైనస్ అంకె ఎంత పెద్దదైతే ఆ లోహం అంత ముందుగా కరిగి మిగతాదాన్ని కాపాడుతుంది. మంచినీటిలో ప్రసరణ బలహీనం కాబట్టి అక్కడ మెగ్నీషియం వంటి బలమైన లోహం కావాలి, అమ్మినవారు సరైనదే ఇచ్చారు. కానీ దానినే ఉప్పునీటిలోకి దించితే రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, అది చాలా వేగంగా కరిగిపోయి, మీకు తెలియకుండానే రక్షణ లేకుండా పోతుంది. రెండోది చాలామందికి తెలియదు: రక్షణ అవసరానికి మించితే, అల్యూమినియం ఉపరితలం దగ్గర నీరు క్షారంగా మారుతుంది. అల్యూమినియం ఆమ్లంలోనూ, క్షారంలోనూ కూడా కరిగే లోహం. కాబట్టి రంగు పొక్కులు లేచి, దాని కింద లోహమే దెబ్బతింటుంది.

జింకు సముద్రంలో చక్కగా పనిచేస్తుంది కానీ, మంచినీటిలో ఉంచితే దానిపై తెల్లని గట్టి పొర ఏర్పడి అది పనిచేయడం మానేస్తుంది. ఆ పొరతోనే మళ్లీ ఉప్పునీటిలోకి దించినా, రుద్ది శుభ్రం చేసేవరకు దానిని నమ్మలేము. మీలాగా రెండు నీళ్లలోనూ తిరిగేవారికి అల్యూమినియం, జింకు, ఇండియం కలిపిన మిశ్రలోహపు ఆనోడులే తగినవి. అవి ఉప్పునీటిలోనూ, యానాం వంటి చోట కలిసే సగం ఉప్పు నీటిలోనూ పనిచేస్తాయి, మంచినీటిలో జింకులాగా పూర్తిగా మూసుకుపోవు. ఏడాదిలో ఎక్కువ కాలం మంచినీటిలోనే ఉండే ఇంజనుకు కూడా వాటినే బిగించి వదిలేయడం, ప్రతిసారీ మార్చడం కంటే ఆచరణలో నడిచే పని.

ఆనోడు ముక్కల మీద ఎప్పుడూ రంగు వేయకూడదు. అవి కూర్చునే చోట లోహానికి లోహం తగలాలి కాబట్టి, అక్కడ రంగు ఉంటే గీకేయాలి. సగం కరిగిన ముక్కను మార్చేయాలి. బయట కనిపించే వాటితో పాటు చాలా ఇంజన్లకు బ్రాకెట్టు కింద ఒకటి, సిలిండరు బ్లాకు లోపల మరికొన్ని ఉంటాయి. అన్నీ ఒకే లోహంవై ఉండాలి.

నీటిపుల్ల

అందరూ ఇంత వివరంగా రాస్తుంటే ఒక ప్రశ్న అడగాలనిపిస్తోంది. భైరవపాలెంలోనూ, ఉప్పాడలోనూ మత్స్యకారులు ఈ జాగ్రత్తలు పాటించడం నేనెక్కడా చూడలేదు. వాళ్ల ఇంజన్లు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి కదా. మనం అవసరానికి మించి భయపడుతున్నామేమో?

కాకినాడ_వర్క్‌షాపు

న్యాయమైన ప్రశ్నే అండీ. వేటకు వెళ్లే ఇంజను రోజూ నడుస్తుంది, దాని యజమాని దానిని రోజూ కళ్లతో చూస్తాడు, చేత్తో తాకుతాడు. ప్లగ్గులు, ఇంపెల్లర్, గేరు ఆయిలు మార్చడం వాళ్లకు మామూలు పని. చాలామంది రేవులోనే చేసుకుంటారు. అయినా ఆ ఇంజను ఆయుష్షు మంచినీటి ఇంజనుతో సమానం కాదు. దానిని వాళ్లు వేట ఖర్చులో భాగంగా లెక్కేసుకుంటారు. ఏడాదికి కొద్దిసార్లు బయటకు తీసే కుటుంబపు పడవకు ఆ లెక్క వర్తించదు. అక్కడ ఇంజను నెలల తరబడి ముట్టుకోకుండా ఉంటుంది, ఉప్పు ఆ ఖాళీ సమయాన్నే వాడుకుంటుంది.

విశాఖ_లోహాలు

దానికి రసాయన కారణం కూడా ఉంది. వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చి తడిసిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే తడుస్తుంది. మన తీరప్రాంతంలో గాలి అంతకంటే పొడిగా ఉండే రోజులు అరుదు. అంటే, కడగని పడవను షెడ్డులో ఎంత కాలం ఆరబెట్టినా, దాని మీది ఉప్పు పొర నిజంగా ఎప్పుడూ ఆరదు. నెలల తరబడి ఒక పలుచని ఉప్పునీటి పొర లోహం మీద ఉన్నట్లే లెక్క. కృతజ్ఞత చెప్పుకోవలసిన విషయం ఏమిటంటే, ఉప్పు నీటిలో సులభంగా కరుగుతుంది. కాబట్టి దానిని పోగొట్టడానికి ఖరీదైన మందులేవీ అవసరం లేదు, సరిపడా మంచినీరు ఉంటే చాలు.

హ్యూస్టన్_తెలుగు

ఇక్కడ అమెరికాలోని హ్యూస్టన్‌లో మా తెలుగు కుటుంబాలు కొన్నిటికి లేక్ కాన్రో అనే మంచినీటి సరస్సులో తిప్పే పడవలు ఉన్నాయి. వాటినే సెలవుల్లో గాల్వెస్టన్ అఖాతానికి తీసుకెళుతుంటాము. కాబట్టి మీ పరిస్థితి మాకు పరిచయమైనదే. ఇంజను గురించి పైన చెప్పినవాటికి నేను చేర్చేదేమీ లేదు. ట్రాలీ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా మిత్రుల్లో ఉప్పునీటి వల్ల ఎక్కువగా నష్టపోయినవారు ట్రాలీ వల్లనే నష్టపోయారు.

పడవను దించేటప్పుడు ట్రాలీ చక్రాలు నీటిలో మునుగుతాయి. చాలా దూరం ప్రయాణించి వచ్చిన హబ్బులు (చక్రాల మధ్య భాగాలు) వేడిగా ఉంటాయి. వాటిని ఒక్కసారిగా చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు పక్క నుంచి ఉప్పునీటిని లోపలికి లాగుతుంది. అక్కడి నుంచి బేరింగులు తుప్పు పట్టడం మొదలవుతుంది. తిరుగు ప్రయాణంలో బాగానే ఉన్నట్లు అనిపించి, మరుసటి ప్రయాణంలో హైవే మీద చక్రం పట్టేస్తుంది. కాబట్టి రేవుకు చేరాక, చేయి పెట్టగలిగేంత చల్లారేవరకు ఆగండి. హబ్బుల్లో నీటికి కరగని మెరైన్ గ్రీజు వాడండి, ఉప్పునీటి ప్రయాణం తరువాత పాత గ్రీజు పాలలాగా తెల్లబడిందేమో చూడండి.

రంగు వేసిన చతురస్రపు గొట్టాలతో చేసిన ట్రాలీ ఉప్పునీటికి అసలు పనికిరాదు. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, గొట్టం లోపల తుప్పు తింటూ పోతుంది. లోపల, బయట కూడా జింకు పూతలో ముంచి తీసిన ట్రాలీ అయితే తట్టుకుంటుంది. మీది ఏ రకమో రాయలేదు. రంగు వేసినదైతే, గొట్టాల చివరలు తెరిచి లోపలికి గొట్టం పెట్టి కడగండి. పట్టీల స్ప్రింగుల మధ్య, యూ బోల్టుల దగ్గర ఉప్పు దాక్కుంటుంది, అక్కడ ఎక్కువసేపు నీరు వదలండి. లైట్ల వైరును దించే ముందు ఊడదీయండి.

నా పడవ అల్యూమినియంది కాబట్టి, అటువంటివి ఉన్న సభ్యుల కోసం ఒక మాట. అడుగున పడిన రాగి నాణెం, సీసపు గాలపు బరువు, ఇత్తడి మేకు వంటివి ఉప్పునీటిలో తడిస్తే అవి ఉన్న చోటే అల్యూమినియం రేకుకు చిల్లు పడగలదు. రాగి కలిసిన రంగును అల్యూమినియం పడవ అడుగున ఎప్పుడూ వేయకూడదు. తివాచీ, ఫోము కింద చిక్కిన ఉప్పునీరు కూడా ఇలాగే తింటుంది. డ్రెయిన్ ప్లగ్గు తీసి, లోపలి నుంచి కూడా కడగాలి.

తాళ్లరేవు_చెక్క

నాది వేరే పడవ, చెక్కది. కోరంగి, తాళ్లరేవు ప్రాంతంలో చెక్క ఓడల పని తరతరాలుగా ఉన్నదే. మా పెద్దలు చెప్పే భయం తుప్పు కాదు, సముద్రపు నీటిలో ఉండే చెక్క తొలిచే పురుగు. చూడడానికి పురుగులా ఉన్నా అది నిజానికి ఆలుచిప్పల జాతి జీవి. పైకి సన్నని రంధ్రం మాత్రమే కనిపిస్తుంది, పలక లోపల అంతా తొర్ర చేస్తుంది. నది నీటికి అలవాటైన పడవలో దానికి తగిన పూత లేకపోతే, ఉప్పునీటిలో కట్టి ఉంచిన కొద్ది వారాల్లోనే అది చేరుతుంది. ఉప్పు బాగా తగ్గిన నీటిలో అది బతకలేదు కాబట్టి, అలాంటి పడవను తిరిగి మంచినీటిలోకి తెచ్చి కొంతకాలం ఉంచడం పాత పద్ధతి.

ఫైబర్ పడవకు ఆ భయం లేదు. గుల్ల (పడవ అడుగుకు అంటుకుని పెరిగే చిన్న చిప్పజీవులు) మాత్రం దేనికైనా పడుతుంది. పగలంతా తిరిగి సాయంత్రానికి బయటకు తీసేస్తే దాని గురించి ఆలోచించనక్కరలేదు. రోజుల తరబడి నీటిలోనే కట్టి ఉంచదలిస్తే, ఇంజను కాలును నీటి పైకి ఎత్తి ఉంచండి, పడవ అడుగు భాగాన్ని తడి ఆరకముందే చెక్క గరిటెతో గీకండి. ఎండిన గుల్లను గీకితే పైపూత కూడా లేస్తుంది.

విశాఖ_లోహాలు

దానితోనే ఒక విషయం. ఫైబర్ పడవ అడుగున పొక్కులు లేవడానికి ఉప్పునీరే కారణమని చాలామంది అనుకుంటారు. ఆ రకపు పొక్కులు నిజానికి మంచినీటిలోనే ఎక్కువ, ఎందుకంటే ఉప్పు లేని నీరు పైపూత గుండా లోపలికి మరింత బలంగా చొరబడుతుంది. ఆ ఒక్క విషయంలో మీ పడవకు సముద్రం వల్ల అదనపు ముప్పు లేదు.

గౌతమి_గట్టు

ట్రాలీ రంగు వేసినదే అండీ. హ్యూస్టన్_తెలుగు గారు చెప్పినట్లు గొట్టాల చివరలు తెరిపిస్తాను. వీలైతే పడవను రేవులో మనుషుల సాయంతో దించి, ట్రాలీని నీటిలోకి దింపకుండా చూస్తాను. ఇంకొక సందేహం. పడవ మీది రెయిలింగు, తాళ్లు కట్టే కొక్కేలు మా ఊళ్లో ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించినవి. స్టెయిన్‌లెస్ స్టీలు అని చెప్పారు, అయస్కాంతం అంటుకోదు. అవి ఉప్పుకు తట్టుకుంటాయా?

విశాఖ_లోహాలు

అయస్కాంతం అంటుకోకపోవడం ఏమీ నిరూపించదండి. మన దగ్గర ఫ్యాబ్రికేషన్‌లో విరివిగా వాడే 202 రకం స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. అందులో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుతారు. సముద్రపు గాలికే దానిపై తొందరగా గోధుమరంగు మచ్చలు వస్తాయి. 304 అంతకంటే మేలు. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడును తట్టుకునే శక్తి దాని నుంచే వస్తుంది. పడవలకు వాడవలసింది అదే. రసాయన చుక్కలతో ఈ రకాలను గుర్తించే చిన్న సీసాలు స్టీలు దుకాణాల్లో ఉంటాయి, ఒక మూల చుక్క వేయించి చూడండి. మీది 202 అయితే రెయిలింగు మొత్తం ఇప్పుడే మార్చనక్కరలేదు. ముందుగా బరువు మోసే కొక్కేలు, వాటి బోల్టులు మార్చండి. మచ్చలు పడిన రెయిలింగును కడిగి తుడుస్తూ ఉంటే కొంతకాలం నడుస్తుంది, తెగిన కొక్కెం మాత్రం పడవను నీటిపాలు చేస్తుంది.

అల్యూమినియంలోకి బిగించే ప్రతి స్టెయిన్‌లెస్ బోల్టుకు మరలు పట్టేయకుండా మెరైన్ గ్రీజు రాయండి. ఇక్కడ రాగి పొడి, గ్రాఫైటు కలిసిన పేస్టులు వాడకూడదు. అవి అల్యూమినియం క్షయాన్ని పెంచుతాయి.

కాకినాడ_వర్క్‌షాపు

ప్రొపెల్లరు షాఫ్టుకు కూడా అదే గ్రీజు. ఉప్పునీటి ప్రయాణానికి ముందు ప్రొపెల్లరు తీసి, షాఫ్టు పళ్లకు గ్రీజు రాసి తిరిగి బిగించండి. లేకపోతే తరువాత అది షాఫ్టుకు పట్టుకుని సుత్తి దెబ్బలకు కూడా రాదు. తీసినప్పుడు షాఫ్టుకు గాలపు తీగ చుట్టుకుందేమో చూడండి. అది సీలును కోస్తే గేరు ఆయిలులోకి ఉప్పునీరు చేరుతుంది. తిరిగి వచ్చాక గేరు ఆయిలు ఒక చుక్క బయటకు తీసి చూడండి, తెల్లగా మారి ఉంటే సీలు పోయినట్లే, ఆలస్యం చేయకూడదు.

విద్యుత్_తీగ

వైర్ల గురించి కొద్దిగా. నది పడవల్లో ఇళ్లకు వాడే మామూలు రాగి తీగతోనే వైరింగు చేయించినవి చాలా చూశాను. ఉప్పు తేమ తీగ పోగుల మధ్య పైకి పాకి, పై తొడుగు కింద రాగిని నల్లబరుస్తుంది. బయటికి ఏమీ తెలియదు, పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జి పంపు మాత్రం అవసరమైనప్పుడు తిరగదు. తగరం పూత ఉన్న తీగ, వేడికి కుంచించుకుని జిగురుతో మూసుకునే తొడుగులు వాడాలి. మొత్తం మార్చలేకపోతే, కనీసం బిల్జి పంపుకు, నావిగేషన్ లైట్లకు వెళ్లే తీగలు మార్చండి. బ్యాటరీ పాదాలకు గ్రీజు రాయండి. పడవ వాడనప్పుడు బ్యాటరీ స్విచ్చు ఆపి ఉంచండి. ఎక్కడైనా విద్యుత్తు నీటిలోకి లీకైతే, విశాఖ_లోహాలు గారు చెప్పిన చర్య ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది, అప్పుడు కొత్త ఆనోడు కూడా కాపాడలేదు.

గౌతమి_గట్టు

యానాం వెళ్లి వచ్చాము. చెరువు_రైతు గారి సలహా ప్రకారం అక్కడి రొయ్యల రైతు ఒకరు రిఫ్రాక్టోమీటరుతో చూసి పెట్టారు. పాటు సమయంలో (నీరు వెనక్కి తగ్గేటప్పుడు) పైనీరు దాదాపు చప్పగా ఉంటే, ఇంజను పీల్చే లోతులో ఉప్పు స్పష్టంగా కనిపించింది. ఆనోడులు అల్యూమినియం మిశ్రలోహానివి బిగించుకుని వెళ్లాను. మేనమామ గారి ఇంట్లో కుళాయి నీటితో రెండు డ్రమ్ములు నడిపి, ఇంటికి వచ్చిన సాయంత్రమే కోటిలింగాల రేవుకు దగ్గరలో గోదావరిలో కూడా తిప్పాను. గేరు ఆయిలు శుభ్రంగా ఉంది.

ఒక్కటే సందేహం మిగిలింది. ఇంజను ఎత్తి దించే బ్రాకెట్టు మూలల్లో, పాత రంగు లేచిన చోట, తెల్లని పొడి కొద్దిగా కనిపిస్తోంది. కడిగిన మరునాడే వచ్చింది.

కాకినాడ_వర్క్‌షాపు

అది అల్యూమినియం క్షయం వల్ల వచ్చే పొడి. మూలల్లోకి నీరు సరిగా వెళ్లనందువల్ల అక్కడ ఉప్పు మిగిలింది. ఇంజనును పూర్తిగా పైకి ఎత్తి ఒకసారి, పూర్తిగా కిందికి దించి మరోసారి, ఆ మూలలను నైలాన్ బ్రష్షుతో రుద్దుతూ కడగండి. ఇనుప బ్రష్షు వాడితే ఇనుము రవ్వలు అక్కడే దిగబడి కొత్త తుప్పు మొదలవుతుంది. వెనిగరుతోగానీ, ఇతర ఆమ్లాలతోగానీ కడగకండి. బాగా ఆరాక, లేచిన రంగు చుట్టూ గట్టి రంగు తగిలేవరకు ఎమెరీ కాగితంతో రుద్ది, అల్యూమినియంకు పట్టే ప్రైమరు, దానిపై ఇంజను రంగు వేయండి. పక్కనే ఉన్న ఆనోడు ముక్క మీద రంగు పడకుండా ముందే టేపు అంటించండి. బ్రాకెట్టు గ్రీజు నిపుల్స్‌లో కొత్త గ్రీజు కొట్టి, పాత గ్రీజు అంచుల నుంచి బయటకు వచ్చేవరకు ఆగకండి. ఆ పాత గ్రీజుతో పాటే లోపల చిక్కిన ఉప్పునీరు కూడా వస్తుంది.